చందా అడిగే ముందు చిట్టా చూపుదాం
(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల వైద్య సహాయ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన చిన్న వైద్య సహాయ సంస్థకు ఆర్థిక భాగస్వాములను సమకూర్చుకోవడం ఎలా అన్నది నేటి సమావేశానికి నిర్వాహకులు నిర్ణయించిన అంశం. దీనిపై మాట్లాడమని మమ్మల్ని కోరడానికి కారణం మేము ధనవంతులం కావడం కాదు. మాలో ఎక్కువ మందిమి ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాళ్ళం. ఏ కాగితం ఎవరి బల్లమీద ఎందుకు ఆగిపోతుందో తెలిసినవాళ్ళం. ఉన్నచోటి నుండి లేనిచోటికి డబ్బు రావడానికి కూడా చివరకు కాగితమే దారి గనుక ఆ అనుభవం కొంత ఉపకరించవచ్చునని ఒప్పుకొన్నాము.

ఎవరిని అడగాలి అన్న ప్రశ్నకు ముందు, దేనికోసం అడుగుతున్నాము అన్న ప్రశ్న ఉన్నది. మనం ఎప్పుడు కూర్చున్నా మూడు కోరికలు వినిపిస్తాయి. పెద్దలు ముప్పై పడకల ఆసుపత్రి కట్టాలంటారు. నడివయసు వారు అంబులెన్సు కొనాలంటారు. యువకులు స్కానింగ్ యంత్రం పెట్టాలంటారు. ఉద్దేశాలు గొప్పవే. అయితే ఆసుపత్రి అంటే భవనం కాదు. వైద్యుడు, నర్సు, ల్యాబు మనిషి, జనరేటరు, వైద్య వ్యర్థాల తొలగింపు, 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి వద్ద నమోదు, వీటన్నింటినీ మించి ప్రతి నెలా మొదటి తేదీన ఇవ్వవలసిన జీతాలు. శంకుస్థాపన శిలాఫలకం మీద పేరు కోసం విరాళమిచ్చేవారు దొరుకుతారు. మూడవ సంవత్సరం కరెంటు బిల్లుకు విరాళమిచ్చేవారు దొరకరు. అందుచేత ఆ మూడు కోరికలనూ ప్రస్తుతానికి పక్కన పెట్టమని మేము కోరుతున్నాము.

పైగా మనది ఆసుపత్రులే లేని ప్రాంతం కాదు. ధర్మవరానికి పొరుగునే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి 2000 నుండి పనిచేస్తున్నది. ఫాదర్ ఫెర్రర్ అని మన ప్రాంతమంతా పిలుచుకొనే విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి స్థాపించిన సంస్థ అది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ ఆసుపత్రి చేసిన సేవను ఈ మూడు పట్టణాలలో మరచిపోయిన ఇల్లు ఉండదు. పుట్టపర్తి వద్ద ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరు 22న ప్రారంభమైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె, మూత్రపిండాలు, కళ్ళకు సంబంధించిన చికిత్సలు ఉచితంగా, మతం అడగకుండా జరుగుతున్నాయి. హిందూపురం, ధర్మవరం, పెనుకొండలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నవి. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో మన ఉమ్మడి అనంతపురం ఒకటి. మిగిలినవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ప్రభుత్వాలతోపాటు ఆ పథకం పేరు మారుతూ వచ్చి నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్నది. 2019 నవంబరు నుండి బెంగుళూరు, చెన్నై, హైదరాబాదులలోని కొన్ని ఆసుపత్రులకు కూడా, కొన్ని చికిత్సల వరకు, దానిని విస్తరింపజేశారు.

మరి ఇన్ని ఉండగా మన బస్తీలలో మనుషులు ఎందుకు అప్పులపాలవుతున్నారు?

మా అనుభవంలో జవాబు ఇది. ఆపరేషను ఉచితమే గాని ఆపరేషను బల్ల దాకా వెళ్ళే దారి ఉచితం కాదు. పెనుకొండలో పండ్ల బండి నడిపే మనిషి బత్తలపల్లికో పుట్టపర్తికో వెళ్ళాలంటే ఆ రోజు సంపాదన పోతుంది. తోడు వచ్చే కొడుకు కూలి పోతుంది. బియ్యం కార్డులో పేరు ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా ఉంటుంది. షేక్ అన్నది ఒకచోట పేరుకు ముందు, మరొకచోట పేరుకు వెనుక, ఇంకొకచోట అసలు లేకుండా ఉండటం మన ఇళ్ళలో సర్వసాధారణం. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఒకరు ఉంటారని, ఆ బల్ల దగ్గరికే ముందు వెళ్ళాలని తెలియదు. చికిత్స అయిన తరువాత నెలల తరబడి వాడవలసిన మందులకు డబ్బు ఉండదు. ఇక్కడ కుటుంబం విరుగుతున్నది.

ఒక ఇంటి సంగతి చెప్పాలి. పేరు, ఊరు అక్కరలేదు. ఇంటాయనకు ఛాతీనొప్పి వస్తే రాత్రికి రాత్రి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. పథకం కార్డు ఇంట్లో బీరువాలో ఉన్నది. అడిగినవారు లేరు, చెప్పినవారు లేరు. బతుకుతెరువైన ఆటోను అమ్మి బిల్లు కట్టారు. మనిషి దక్కాడు, అల్‌హందులిల్లాహ్. ఆటో దక్కలేదు. ఇద్దరు పిల్లలు బడి మానారు. ఆ రాత్రి ఆ ఇంటివారికి కావలసింది లక్ష రూపాయల విరాళం కాదు. ఫోను తీసి "కార్డు తీసుకొని ఫలానా ఆసుపత్రికి వెళ్ళండి, మావాడు గేటు దగ్గర ఉంటాడు" అని చెప్పగల ఒక మనిషి.

కాబట్టి మన సంస్థ పనిని ఇలా నిర్ణయించుకొందామని మా ప్రతిపాదన: ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న ఖాళీని పూరించడం. దారిఖర్చు, తోడు మనిషి, కాగితాలు సరిచేయడం, చికిత్స తరువాతి మందులు, మళ్ళీ చూపించుకోవలసిన తేదీని గుర్తుచేయడం. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. దీనికి లెక్క కట్టి చూద్దాం. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే ఒక రోగికి, తోడు మనిషికి కలిపి ఒక్కొక్క రాకపోకకు తిండితో సహా 400 రూపాయలు అనుకొందాం. నెలకు ఎనిమిదిసార్లకు 3,200. సంవత్సరానికి 38,400. ఈ అంకెను ఒక కిరాణా వ్యాపారి ముందు పెట్టవచ్చు. ఒక కుటుంబం తలచుకొంటే మోయవచ్చు. "ఆసుపత్రి కడుతున్నాము, తోచినది ఇవ్వండి" అన్నప్పుడు వంద రూపాయలు ఇచ్చి పంపే మనిషి, "మీ వీధిలోనే ఒక రోగికి సంవత్సరం దారిఖర్చు 38,400" అన్నప్పుడు ఆగి వింటాడు. ఈ లెక్కలో కూడా తగ్గించుకోదగినవి ఉన్నవి. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో మహిళలకు నిర్ణీత ఆర్టీసీ బస్సులలో ప్రయాణం ఉచితం. రాష్ట్రం దాటే బస్సులకు అది వర్తించదు గనుక బెంగుళూరు వెళ్ళే అక్కచెల్లెళ్ళకు టికెట్టు తప్పదు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నది. అది మంజూరయ్యేదాకా గడిచే నెలలే మనం ఆదుకోవలసినవి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ పత్రిక పాఠకులు హక్కుల గురించి ఆలోచించేవారు. ప్రభుత్వ పథకం కింద జరిగే ఆపరేషనుకు మనం మసీదులో చందా పోగుచేశామంటే, రెండు నష్టాలు ఒకేసారి చేసినట్లు. పేదల కోసం ఉంచిన జకాత్ సొమ్ము కరిగిపోయింది, పౌరుడికి ప్రభుత్వం ఇవ్వవలసిన బాకీని మనమే మాఫీ చేశాము. 2006లో జస్టిస్ సచార్ కమిటీ నివేదిక వచ్చిన నాటి నుండి మనం వేదికల మీద వెనుకబాటు గురించి మాట్లాడుతున్నాము. హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రిలో ఫలానా పరీక్ష ఎందుకు జరగడం లేదని రాతపూర్వకంగా అడిగినవారు మనలో ఎందరు? 2025లో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసినప్పుడు రోగులను తిప్పి పంపారు. అటువంటి రోజులలో మన సంస్థ చేయవలసిన మొదటి పని చందా పెట్టె తీయడం కాదు, తిరిగి పంపిన రోగుల జాబితా తయారుచేసి కలెక్టరు కార్యాలయంలో సోమవారం అర్జీల కార్యక్రమంలో ఇచ్చి రసీదు తీసుకోవడం.

ఇక భాగస్వాముల సంగతికి వద్దాం. భాగస్వామి అంటే డబ్బు ఇచ్చేవాడే అని అనుకోవడం వల్ల మనం చాలా తలుపులు తట్టకుండానే వెళ్ళిపోతున్నాము. ఆర్డీటీనే తీసుకోండి. విదేశీ విరాళాల చట్టానికి 2020 సెప్టెంబరులో చేసిన సవరణ తరువాత, విదేశీ విరాళం పొందిన ఏ సంస్థా ఆ సొమ్మును మరొక సంస్థకు బదిలీ చేయరాదు. పెద్ద సంస్థలు తమకు వచ్చిన దానిలో కొంత మనవంటి చిన్నవారికి పంచే పద్ధతి దానితో పోయింది. కనుక అటువంటి సొమ్ము కోసం వారిని అడగడం వృథా. కాని వారి ఆసుపత్రికి మనం పంపే రోగి వివరాలతో ఒక చీటీ, ఆ చీటీని గుర్తించే ఒక మనిషి, తిరిగి ఇంటికి వచ్చాక ఏ మందులు ఎప్పుడు వేయాలో రాసిన కాగితం, ఇవి అడగవచ్చు. ఇది డబ్బు కంటె ఎక్కువ విలువైన భాగస్వామ్యం. 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ నిలిచిపోయినప్పుడు జిల్లాలో జనం రోడ్ల మీదికి వచ్చారు. అంత పెద్ద సంస్థకే ఒక అనుమతి కాగితం ప్రాణవాయువు అయినప్పుడు, మనం ఒకే దాత మీద ఆధారపడరాదని వేరే చెప్పనక్కరలేదు.

ప్రభుత్వం కూడా భాగస్వామియే. 2022 సెప్టెంబరులో మొదలైన క్షయ నిర్మూలన కార్యక్రమంలో నిక్షయ్ మిత్ర అనే ఏర్పాటు ఉన్నది. క్షయ రోగులను దత్తత తీసుకొని కనీసం ఆరు నెలలు పౌష్టికాహారపు పొట్లం ఇవ్వడానికి వ్యక్తులు, సంస్థలు పేరు నమోదు చేసుకోవచ్చు. రోగికి ప్రభుత్వం ఇచ్చే పోషణ సహాయం 2024 నవంబరు నుండి నెలకు 500 నుండి 1,000 అయింది. మన పొట్లం దానికి తోడు. పట్టుపురుగుల కాయల దుమ్ములోనో, మగ్గం గుంటలోనో, ఇరుకు గదులలోనో పనిచేసే మన మూడు పట్టణాల శ్రామికులలో ఈ జబ్బు ఎంత బాధపెడుతున్నదో మీకు తెలుసు. పది మంది రోగులకు ఆరు నెలలు పప్పు, నూనె, గుడ్లు, వేరుశనగలు ఇవ్వడం మన శక్తికి మించినది కాదు. దీనివల్ల మనకు నగదు రాదు. కాని జిల్లా క్షయ నివారణాధికారి దస్త్రంలో మన సంస్థ పేరు చేరుతుంది. రేపు ఒక కంపెనీ వారు "మీరు ఇంతవరకు ఏమి చేశారు?" అని అడిగితే చూపడానికి ప్రభుత్వ దస్త్రంలోని ఆ పేరు కంటె మంచి సాక్ష్యం లేదు. అలాగే జన ఔషధి దుకాణం నడపడానికి ట్రస్టులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. బీపీ, షుగరు మందులు జీవితాంతం వాడేవారికి తక్కువ ధరకు మందు దొరకడమే పెద్ద విరాళం.

ఇప్పుడు కాగితాలు. కొందరికి విసుగు కలుగుతుంది, ఓపిక పట్టండి. ట్రస్టు అయితే సబ్ రిజిస్ట్రారు వద్ద నమోదైన దస్తావేజు, సంఘం అయితే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం కింద ధ్రువపత్రం. సంస్థ పేరిట పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో నమోదు. ఆ తరువాత వాడుకలో 12ఎ, 80జి అని పిలిచే ఆదాయపు పన్ను నమోదులు. 2025 నాటి కొత్త చట్టంతో సెక్షన్ల అంకెలు మారుతున్నా పని అదే. ఎవరి సొంత ఖాతాలోనూ, ఎవరి సొంత ఫోన్ పే అంకెలోనూ సంస్థ సొమ్ము ఒక్క రోజు కూడా ఉండరాదు. మనిషి ఎంత నిజాయితీపరుడైనా సరే. అతడి నిజాయితీని కాపాడటానికే ఈ నియమం. ఇంకొకటి: 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు. సంవత్సరాంతంలో దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపి, వారికి ధ్రువపత్రం ఇవ్వాలి. రమజాను నెలలో చింపి ఇచ్చే పసుపుపచ్చ రసీదులతో ఈ పని జరగదు.

వీటిలో మన సముదాయానికి ప్రత్యేకంగా వర్తించే చిక్కు ఒకటి ఉన్నది. దస్తావేజులో "ముస్లింల సంక్షేమం కొరకు మాత్రమే" అని రాసుకొన్న సంస్థకు 80జి రాదు. ఏదైనా ఒక మత సముదాయానికి మాత్రమే ప్రయోజనం కలిగించే సంస్థకు ఆ మినహాయింపు లేదని చట్టం చెబుతున్నది. ఇది మనపై పెట్టిన ఆంక్ష కాదు, అన్ని మతాల వారికీ ఇదే నియమం. మా ఎరుకలో కొన్ని ట్రస్టులు ఈ ఒక్క వాక్యం వల్ల ఏళ్ళ తరబడి ఆగిపోయాయి. దస్తావేజు రాసే ముందే "కుల మత భేదం లేకుండా పేద రోగులందరికీ" అని రాయించండి. రాయడమే కాదు, అలాగే చేయాలి. పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ దర్గాకు, మన పల్లెవాసులు ప్రేమగా బాబయ్య స్వామి అని పిలిచే ఆ దర్గాకు, వచ్చేవారిలో సగం మంది ఎవరో మీరు కళ్ళతో చూస్తున్నారు. అక్కడ ఎవరూ ఎవరి మతం అడగరు. మన సహాయ కేంద్రం దగ్గర మాత్రం ఎందుకు అడగాలి? ధర్మవరంలో మగ్గం మీద నడుము విరిగిన నేతగాడు ఏ కులం వాడైనా మన మనిషే.

ఈ మాట చెప్పగానే జకాత్ సంగతి వస్తుంది. రావాలి కూడా. జకాత్ ఎవరికి చెందుతుందో దివ్య ఖురాన్‌లో ఎనిమిది వర్గాలుగా నిర్ణయమై ఉన్నది. హనఫీ ఉలమాల అభిప్రాయం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని స్వాధీనం కావాలి. ఉద్యోగుల జీతాలకు, అద్దెకు, యంత్రాలకు దానిని వాడరాదు. అధిక సంఖ్యాక పండితుల దృష్టిలో అది ముస్లిం పేదలకే. సదఖా, ఇతర స్వచ్ఛంద దానాలు మాత్రం ఏ పేదవానికైనా ఇవ్వవచ్చు, నిర్వహణ ఖర్చులకూ వాడవచ్చు. వివరాలు ఇక్కడ కూర్చున్న ఉలమాలు చెబుతారు, వారి మాటే మాకు శిరోధార్యం. లెక్కలు రాసేవారిగా మేము చెప్పేది ఒక్కటే. రెండింటికీ రెండు పుస్తకాలు, రెండు బ్యాంకు ఖాతాలు ఉండాలి. జకాత్‌ను మసీదు కమిటీల ఆధ్వర్యంలోని జకాత్ సంఘమే వసూలు చేసి, అర్హుడైన రోగి చేతికి నేరుగా అందించడం మేలు. మన ట్రస్టు ఆ రోగి ఎవరో, అవసరం ఎంతో ధ్రువీకరించి చెబుతుంది. ట్రస్టు ఖర్చులు, ఇద్దరు కార్యకర్తల గౌరవ వేతనం, ఫోను బిల్లు, మందుల నిల్వ సదఖా, సాధారణ విరాళాల నుండి. అప్పుడు జకాత్ ఇచ్చిన మనిషికి తన బాధ్యత తీరిందన్న నిశ్చింత, 80జి కింద ఇచ్చిన మనిషికి చట్టం సరిపోయిందన్న నిశ్చింత. ఈ రెండు నిశ్చింతలు కలిగించలేని సంస్థకు దాత రెండవసారి ఇవ్వడు.

గల్ఫులో ఉన్న మన పిల్లల మాట. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత ఆదాయం నుండి, సాధారణ బ్యాంకు మార్గంలో పంపే సొమ్ము విదేశీ విరాళంగా పరిగణించబడదు. వారి పాస్‌పోర్టు నకలు దస్త్రంలో ఉంచుకోవడం మంచిది. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకొని ఉంటే, మన ఊరి బిడ్డే అయినా, అతడి సొమ్ము విదేశీ విరాళమే. అనుమతి లేకుండా తీసుకొంటే నేరం. ఆ అనుమతికి సంస్థ కనీసం మూడు సంవత్సరాల పాతదై, గడచిన మూడు ఆర్థిక సంవత్సరాలలో 15 లక్షల రూపాయలు తన పనులపై ఖర్చు చేసి ఉండాలి. మనకు ఇది నేటి మాట కాదు. ఎవరో పంపుతామన్నారని తొందరపడి ఒక్క డాలరు కూడా తీసుకోకండి. జెద్దాలో, దుబాయిలో, కువైట్‌లో కష్టపడుతున్న మన పౌరులే మనకు చాలును.

కంపెనీల సంగతి. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ తన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతున్నది. ఆ మాట వినగానే అందరి చూపూ పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కర్మాగారం మీదికి పోతుంది. 2019 నుండి అక్కడ కార్లు తయారవుతున్నాయి, చుట్టూ విడిభాగాల పరిశ్రమలు వచ్చాయి. అడగవద్దని మేము అనడం లేదు. కాని పెద్ద కంపెనీకి పెద్ద పెద్ద సంస్థలు బారులు తీరి దరఖాస్తులు పెట్టుకొంటాయి. చిన్న కంపెనీని చూడండి. ఖర్చు చేయవలసిన సొమ్ము 50 లక్షలకు మించని కంపెనీకి ప్రత్యేక కమిటీ అక్కరలేదు, డైరెక్టర్లే నిర్ణయిస్తారు. హిందూపురం దగ్గర తూముకుంట పారిశ్రామిక ప్రాంతంలో అటువంటివి ఉన్నవేమో బ్యాలెన్సు షీట్లు చూసి వెదకాలి. వెదకడం మన కామర్సు చదివిన పిల్లల పని. సొమ్ము తీసుకోవాలంటే మనకు 12ఎ, 80జి, సిఎస్ఆర్-1 అనే ఫారము నమోదు, మూడేళ్ళ పని అనుభవం ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెల దగ్గరపడే కొద్దీ ఖర్చు కాని సొమ్ము గురించి వారికే ఆందోళన మొదలవుతుంది. మన ప్రతిపాదన అక్టోబరు నాటికే వారి బల్ల మీద ఉండాలి, ఫిబ్రవరిలో పరుగెత్తడం కాదు.

ప్రతిపాదన రెండు పేజీలు దాటరాదు. ఏ మూడు వార్డులు, ఏ రోగులు, నెలకు ఎంత, ఎవరు చేస్తారు, ఎలా చూపిస్తాము. అంతే. నబీ ప్రవచనాలతో, వెనుకబాటు గణాంకాలతో నింపిన పది పేజీలు మేము చూశాము. చదివేవాడికి మొదటి పేజీలో అంకె కనిపించకపోతే రెండవ పేజీ తిప్పడు. గుమాస్తాలుగా మేము కూడా తిప్పేవాళ్ళం కాదు.

ఇటువంటి పని జరిగే పనే అనడానికి దూరం పోనక్కరలేదు. హైదరాబాదులో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ వారు నవాబ్ సాహెబ్ కుంటలోని మసీదు ఇస్‌హాఖ్‌లో ఆరోగ్య కేంద్రం నడుపుతున్నారు. ప్రభుత్వ ఆసుపత్రులలో రోగులకు దారి చూపే సహాయ కేంద్రాలు పెట్టారు. అమెరికాలోని సీడ్ అనే సంస్థ వారికి తోడ్పడుతున్నది. వారు ముందు ఆసుపత్రి కట్టలేదు. ఉన్న మసీదు స్థలాన్ని, ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిని వాడుకొన్నారు. ఇంకా వెనక్కి పోతే ఢిల్లీలో 1906లో చిన్న యునానీ మందుల దుకాణంగా మొదలైన హమ్‌దర్ద్‌ను 1948లో వక్ఫ్‌గా మార్చి, లాభాలను ప్రజాహితానికి కేటాయించారు. బెంగుళూరు కేంద్రంగా ఉన్న అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తున్నది. మనకు మూడేళ్ళ ఆడిటు లెక్కలు చేతికి వచ్చిన తరువాత తట్టవలసిన తలుపు అది. నేడు కాదు.

ఒక విషయం చెప్పకుండా వదలలేము. వాట్సాపులో రోగి ఫోటోలు. ముక్కులో గొట్టంతో పడుకొన్న తల్లి ముఖం, పక్కన బిడ్డ ఏడుపు, కింద ఫోను నెంబరు. పంపేవారి మనసు మంచిదే. కాని ఆ తల్లి రేపు కోలుకొని వీధిలోకి రావాలి. ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం రావాలి. ఊరంతా చూసిన ఆ ఫోటో చెరిగిపోదు. పైగా వసూలైనది ఎంత, ఖర్చయినది ఎంత, మిగిలినది ఏమైంది అన్న ప్రశ్నకు అక్కడ జవాబుదారీ ఎవరూ లేరు. మన సంస్థ తరఫున రోగి ముఖం గాని, పేరు గాని, వీధి గాని బయటకు వెళ్ళరాదు. రోగికి ఒక నెంబరు ఇద్దాం. దాతకు ఆ నెంబరు, జబ్బు, అవసరమైన మొత్తం, చివరకు ఖర్చు బిల్లుల నకలు పేరు చెరిపి పంపుదాం. దీనివల్ల కొంత సొమ్ము తగ్గవచ్చు. తగ్గనివ్వండి.

సహాయ కేంద్రంలో కూర్చునేవారిలో తప్పనిసరిగా ఇద్దరు స్త్రీలు ఉండాలి. మన ఇళ్ళలో స్త్రీలు తమ జబ్బును మగ కార్యకర్త ముందు చెప్పరు, చెప్పనివ్వరు. చెప్పేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. ఈ హాలులో వెనుక వరుసలలో కూర్చున్న సోదరీమణులలో డిగ్రీ చదివినవారు చాలామంది ఉన్నారని మాకు తెలుసు. ఆశా కార్యకర్తలతో, ఏఎన్ఎంలతో మాట్లాడి వార్డుల వారీగా రోగుల జాబితా తయారుచేయడం వారు మాకంటె బాగా చేయగలరు. దానికి గౌరవ వేతనం ఇవ్వాలి. ఉచితంగా చేయించుకొనే పని మూడవ నెలలో ఆగిపోతుంది.

ఉర్సు రోజులలో, ఈద్గా మైదానంలో వైద్య శిబిరాలు పెడదామన్న సూచన కూడా వచ్చింది. షుగరు పరీక్ష చేసి చీటీ చేతిలో పెట్టి పంపితే ఆ మనిషికి భయం తప్ప మిగిలేది లేదు. శిబిరంలో జబ్బు బయటపడిన ప్రతి ఒక్కరి ఇంటికీ నెలలోపు వెళ్ళగలిగితేనే శిబిరం పెడదాం. యాభై మందికి వెళ్ళగలిగితే యాభై మందికే పరీక్షలు.

ఇక చేయవలసిన పనులు. మూడు పట్టణాల ప్రతినిధులు వచ్చే నెల మొదటి ఆదివారం జుహర్ తరువాత ఇదే హాలులో కలవాలని కోరుతున్నాము. ప్రతి పట్టణం నుండి మూడు వస్తువులు తీసుకురండి. మీ దగ్గరున్న దస్తావేజు నకలు, గడచిన మూడు సంవత్సరాల రసీదు పుస్తకాలు ఎలా ఉంటే అలా, మీ వార్డులలో ప్రస్తుతం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న పది మంది రోగుల వివరాలు. రసీదుల లెక్క మేము కూర్చొని సరిచేస్తాము, దానికి ఫీజు లేదు. ధర్మవరం వారు వచ్చేటప్పుడు బత్తలపల్లి ఆసుపత్రిలో బయటి రోగుల విభాగం ఏ రోజు ఏ వైద్యునిదో కనుక్కొని రాసుకొని రండి. పెనుకొండ వారు ఆరోగ్యమిత్ర ఫోను నెంబరు తీసుకొని రండి. హిందూపురం వారు టీ ఏర్పాటు చేస్తారు.